క్లీవ్: ఒక మాటా, రెండు మాటలా?

ఇంగ్లీషులో క్లీవ్ అంటే చీల్చడం. గట్టిగా అంటిపెట్టుకోవడం కూడా క్లీవే. ఒకే మాట రానురాను అడ్డం తిరిగి వ్యతిరేకార్థం తెచ్చుకుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, ఇవి పుట్టుకతోనే రెండు మాటలు. నేను ఆ ముడి విప్పుకున్న వరస చెబుతాను.

అర్థాల జోలికి పోకుండా ముందు మాట పక్కన ఉన్న చిన్న అంకె చూశాను. పెద్ద నిఘంటువుల్లో క్లీవ్ 1, క్లీవ్ 2 అని విడివిడిగా ఉంటాయి. అంకె మారిందంటే చాలావరకు పుట్టుక వేరని గుర్తు.

తర్వాత భూతకాల రూపాలు. చీల్చే క్లీవ్‌కి క్లోవ్, క్లోవెన్, క్లెఫ్ట్, ఇప్పుడు క్లీవ్డ్ కూడా. అతుక్కునేదానికి క్లీవ్డ్, వెనక ‘టు’ ఉంటుంది. పాత రాతల్లో మాత్రం రూపాన్ని నమ్మితే మోసపోతాం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో అబ్రాహాము కట్టెలు చీల్చినా ‘క్లేవ్’ అనే ఉంది, రూతు అత్తను హత్తుకున్నా ‘క్లేవ్’ అనే ఉంది. అక్కడ వాక్యమే దిక్కు.

రూపాలు ఎందుకు కలిశాయో పాత ఇంగ్లీషులో తెలిసింది. చీల్చేది క్లేఓఫాన్, అతుక్కునేది క్లిఫియాన్. మధ్యయుగపు ఇంగ్లీషుకొచ్చేసరికి అచ్చులు మారి రెండూ ‘క్లేవెన్’ దగ్గర కలిసిపోయాయి.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించిన ధ్వని సూత్రం కావాలి. గ్రీకు, లాటిన్, ఇంగ్లీషులన్నిటికీ మూలమైన భాషలోని గ, జర్మానిక్ భాషల్లో, అంటే ఇంగ్లీషు, జర్మన్ లాంటివాటిలో, క అయింది. గ్రీకులో మోకాలు గోను, ఇంగ్లీషులో ‘నీ’ (knee). రాతలో ఆ క ఇప్పటికీ ఉంది. అందుకే క్లీవ్ చుట్టాల కోసం గ్రీకు, లాటిన్‌లలో గ కింద వెతకాలి. చీల్చేదానికి గ్రీకులో గ్లుఫైన్, అంటే చెక్కడం, దొరుకుతుంది. ఈజిప్టు బొమ్మల లిపి పేరు హైరోగ్లిఫ్‌లో ఉన్నది అదే. అతుక్కునేదానికి బంకమన్ను క్లే, జిగురు గ్లూ చుట్టాలు. గ్లూ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది కాబట్టి దాని గ మారలేదు.

చాలామంది తడబడేది క్లోవ్ దగ్గర. వెల్లుల్లి రెబ్బ అనే క్లోవ్ చీల్చే క్లీవ్‌కి దగ్గర చుట్టమే. లవంగం అనే క్లోవ్ మాత్రం లాటిన్ క్లావుస్, అంటే మేకు, నుంచి వచ్చింది. ఎండిన మొగ్గ మేకులా ఉంటుందని ఆ పేరు. దానికి ఏ క్లీవ్‌తోనూ సంబంధం లేదు.