పదకొండు బై రెండు వాల్వు

ఉలవపాడు నుంచి ఒక సపోటా తోట రైతు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, మీ సైటులో బాల్ వాల్వు పదకొండు బై రెండు అని పెట్టుండారు. లెక్కేస్తే ఐదున్నర ఇంచీలు. అంతది నా తోటకేంది, సోమశిల కాలవకి పెట్టుకోవాల. నాకు కావాల్సింది ఒకటిన్నర."

సైటు తెరిచి చూస్తే నిజమే. తాటికాయంత అక్షరాలతో 11⁄2 అని ఉంది. ఎక్కించిన రోజు నేను శుభ్రంగా 1½ అనే కొట్టాను.

కావలిలో మాది పైపులు, ఫిట్టింగుల షాపు. మామయ్య కౌంటర్లో కూర్చుంటారు, మా ఆయన గోడౌను, డెలివరీలు చూస్తారు. సైటులో సరుకు ఎక్కించే పని నాది. రొయ్యల గుంటల వాళ్ళు, తోటల వాళ్ళు, ఇళ్ళు కట్టే మేస్త్రీలు అందరూ పావు, అర, ముప్పావు, ఒకటింపావు అనే అడుగుతారు. నోటితో చెప్పినంత సేపు ఏ గొడవా లేదు. రాయడం దగ్గరే వచ్చింది తంటా.

మొదటి దెబ్బ ఎక్సెల్‌లో తగిలింది. సైజుల గడిలో 1/2 అని కొడితే అది ఫిబ్రవరి ఒకటో తారీఖు అయిపోయింది. 3/4 ఏప్రిల్ మూడు. చూసుకోకుండా అలాగే ఎక్కించాను. "మన షాపులో ఎల్బోలకి కూడా పుట్టినరోజులు పెట్టావా అమ్మా?" అన్నారు మామయ్య. గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకుంటే, లేదా అంకెకు ముందు ఒక ' గుర్తు పెడితే ఆ పీడ వదులుతుంది. తర్వాత ఇంచీకి పెట్టే " గుర్తు ఫైలులో వరసలన్నీ చెడగొట్టింది. దాన్ని తీసేసి 'ఇంచీ' అని అక్షరాల్లోనే రాస్తున్నాను.

పదకొండు బై రెండు సంగతి మాత్రం రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ½ అనేది కంప్యూటర్‌కి ఒకే అక్షరం, యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ, గుర్తులకీ నంబర్లిచ్చే పట్టిక అది) దానికి సొంత నంబరు ఉంది. అయితే వెతుకులాట సులువు కావాలని కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇలాంటి అక్షరాలను విడగొట్టి మామూలు అంకెలుగా మార్చేస్తాయి. ఎన్ఎఫ్‌కేసీ అని దాని పేరు. ½ విడిపోతే 1, వాలు గీత, 2 అవుతుంది. ముందున్న పూర్ణాంకానికీ దానికీ మధ్య ఖాళీ మాత్రం పెట్టదు. అలా ఒకటిన్నర కాస్తా పదకొండు బై రెండు అయింది. పోనీ 1 1/2 అని ఖాళీ పెట్టి రాద్దామా అంటే, చిన్న ఫోన్లో 1 పై వరసలో ఆగిపోయి, కింద 1/2 ఒక్కటే కనిపిస్తుంది. అర ఇంచీ అనుకుని ఆర్డరు పెట్టినవాళ్ళూ ఉన్నారు. అక్కడ వరస విరగని ఖాళీ వాడాలని అప్పుడే తెలిసింది.

ఈ గోలంతా ఎందుకు, 1.5 అని రాసెయ్యమని తమ్ముడు అన్నాడు. వాడు చెన్నైలో కూర్చుని చెప్తాడు. కౌంటర్ దగ్గరికి వచ్చి "జీరో పాయింట్ సెవెన్ ఫైవ్ టీ జాయింటు ఇవ్వండి" అని ఎవరైనా అడుగుతారా? పైగా పైపుల్లో అర ఇంచీ అనేది కొలత కాదు, పేరు. అర ఇంచీ అంటే 12.7 మిల్లీమీటర్లు. అర ఇంచీ జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుకి బయట టేపు పెడితే 21.3 వస్తుంది, అంటే ముప్పావు కంటే ఎక్కువ. ఒకాయన అలాగే కొలిచి, తప్పు సరుకు పంపామని మాతో పోట్లాడాడు. 0.5 అని రాస్తే అది పక్కా కొలతలా కనిపించి ఇలాంటి పేచీలు ఇంకా పెరుగుతాయి. పీవీసీ పైపుల మీదేమో బయటి వ్యాసం మిల్లీమీటర్లలో వేస్తారు. 50 అని ఉంటే మేస్త్రి ఒకటిన్నర అంటాడు, 75 అని ఉంటే రెండున్నర. రెండూ పక్కపక్కన రాయాల్సిందే.

ఇప్పుడు చూసేవాళ్ళకి '1½ ఇంచీ (50 మి.మీ.) బాల్ వాల్వు' అని పెడుతున్నాను. దాని వెనక, కనిపించని గడుల్లో, వెతకడానికి 1-1/2 అనీ, ఒకటిన్నర అనీ, సైజుల వరస కోసం 1.5 అనీ ఉంటాయి. ఆ చివరిది లేనప్పుడు 1 1/2 ముందొచ్చి, 1/2 తర్వాత వచ్చి, అన్నిటికన్నా అడుగున 3/4 తేలేది. నడుమ గీత పెట్టి 1-1/2 అని రాస్తే ఎవరు విడగొట్టినా పదకొండు కాదు.

ఇదంతా విని మామయ్య అటక మీంచి వాళ్ళ తాతగారి పద్దుల పుస్తకం దించారు. అందులో భిన్నాలకి బై లేదు, వాలు గీత లేదు. పావుకి ఒక నిలువు గీత, అరకి రెండు, ముప్పావుకి మూడు. అంతకంటే చిన్నవాటికి అడ్డగీతలు: ఒకటైతే వీసం, అంటే పదహారో వంతు, రెండైతే పరక, మూడైతే మువ్వీసం. అన్నీ నాలుగేసి వంతులుగా దిగే లెక్క. మన ఇంచీ టేపు మీద గీతలు కూడా పావు, పరక, వీసం వరసే కదా! ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి వచ్చాయి. సరదాకి ఒక ముప్పావు టీకి ౻ అని పెట్టి చూశాను. నా ఫోన్లో బాగానే వచ్చింది, మామయ్య ఫోన్లో ఖాళీ డబ్బా కనిపించింది. తీసేశాను.

5/16 బోల్టుల సంగతి ఇంకా తేలలేదు. పావుకి, అరకి, పరకకి ½ లాంటి రెడీమేడ్ అంకెల అక్షరాలు ఉన్నాయి కానీ పదహారో వంతులకి లేవు. 5⁄16 అని ప్రత్యేకమైన వాలు గీతతో రాస్తే కొన్ని ఫాంట్లు ముచ్చటగా పైకీ కిందికీ అమరుస్తాయి, కొన్ని అస్సలు పట్టించుకోవు. ప్రస్తుతానికి మామూలుగా 5/16 అనే వదిలేశాను. ఉలవపాడు ఆయన వాల్వు మాత్రం బస్సు పార్సిల్‌లో వేశాం. అందింది, సరిపోయిందట.