చెంచాడు నీళ్లు

"ఈ నీళ్లు ఆమె కోసమా, నీ కోసమా?"

ఇక నయం కానివాళ్లని ఆఖరి రోజుల్లో చూసుకునే హాస్పిస్ నుంచి ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చిన నర్సు నన్ను అడిగిన మాట ఇది, దగ్గరుండి సాయం చేసే ఇద్దరు కేరర్ల ముందు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేనూ ఒక మాట అనేదాన్ని. నెల్లూరులో పదకొండేళ్లు ఐసీయూలో చేసి వచ్చినదాన్ని, చెంచా పట్టుకోవడం ఈవిడ నేర్పాలా అని ఒళ్లు మండింది.

ఇంగ్లండ్‌లో నేను పనిచేసేది నర్సింగ్ హోమ్‌లో. మన నెల్లూరు పొగతోటలో బోర్డులు కనిపించే నర్సింగ్ హోముల్లాంటిది కాదు. ఇక్కడ ఆ మాటకి అర్థం వేరు: ముసలివాళ్లు ఉండే చోటు, చాలామందికి అదే ఆఖరి ఇల్లు. అందుకే నర్సులకీ కేరర్లకీ అందరికీ ఈ ఆఖరి రోజుల సేవ మీద ట్రైనింగ్ పెట్టారు. టీ బ్రేక్‌లో తొమ్మిదో గదికి వెళ్లాను. తొంభై దాటిన ముసలావిడ, మూడు రోజులుగా కళ్లు తెరవలేదు. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. పెదాలు ఎండి పగిలాయి. పక్కన ఎవరూ లేరు, టీవీ మాత్రం నడుస్తోంది. తల కాస్త ఎత్తి చెంచాడు నీళ్లు పోశాను. పొలమారింది. సరిగ్గా అప్పుడే ఆ నర్సు తలుపు దగ్గరకొచ్చింది.

మింగే శక్తి పోయినవాళ్లకి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాకు తెలియనిదా? నర్సింగ్‌లో చదువుకున్నదే. కానీ ఆ పూట చెంచా ఎత్తింది నర్సు కాదు, కావలి దగ్గర పల్లెటూరి పిల్ల. గొంతు తడపకుండా మనిషిని ఎట్టా పంపిస్తాం?

మధ్యాహ్నం క్లాసులో ఆవిడ నన్ను చూడకుండానే అంతా చెప్పింది. ఆఖరికి ఒంటికి నీళ్లు అక్కర్లేకుండా పోతాయట. నోటితో ఊపిరి తీయడం వల్లే ఎక్కువగా నోరు ఎండుతుంది. మెత్తటి బ్రష్ తడిపి చిగుళ్లకీ నాలుకకీ అద్దాలి, పెదాలకి క్రీమ్ రాయాలి. గొంతులో గురగుర మొదలైతే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, అవసరమైతే చర్మం కిందకి మందు ఇవ్వాలి. నొప్పికి మార్ఫిన్ ముందే తెచ్చి తాళం వేసిన బీరువాలో సిద్ధంగా పెట్టుకోవాలి. ఇదంతా సిసిలీ సాండర్స్ అనే ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టి నేర్పిన దారి. ఆమె మొదట నర్సు. నడుము నొప్పితో ఆ పని మానుకుని, తర్వాత డాక్టరు చదివిందట. నడుము నొప్పి అనగానే మన మనిషే అనిపించింది.

అయినా కోపం తగ్గలేదు. ఇంటికెళ్తూ బస్సులో వాదించుకుంటూనే ఉన్నాను. మా ఊళ్లో అయితే ఆ ముసలావిడ చుట్టూ వీధి వీధంతా ఉండేది. ఒంటరిగా వదిలేసి, నోటికి బ్రష్ అద్దామని చార్టులో సంతకం పెట్టడం గొప్పా?

ఇంతలో మా అవ్వ గుర్తొచ్చింది.

క్యాన్సర్. ఒంగోలులో, నెల్లూరులో చూపించి ఇంటికి తీసుకొచ్చేశాం. ఆఖరి వారం అవ్వ అరుపులు నాలుగిళ్ల అవతలికి వినిపించేవి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అంటే భయానికి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. ఆ చట్టాన్ని 2014లో సవరించారు, అవ్వ అప్పటికే లేదు. నాకప్పుడు నర్సింగ్ రెండో ఏడు. అవ్వకి పారాసిటమాల్ నూరి ఇచ్చాను, అదీ నా వైద్యం. వీధి వీధంతా ఉంది, నిజమే. అందరూ వరసగా తలా ఒక చెంచా పోశారు. నేనూ పోశాను. గొంతులో గురగురమంది. "తాగుతోంది, తాగుతోంది" అన్నారు ఎవరో.

నీళ్లు పోయకపోయినా ఆ చప్పుడు వచ్చి ఉండొచ్చు. చాలామందికి వస్తుంది. ఆ చప్పుడు మా నీళ్ల వల్ల వచ్చిందా, దానంతట అదే వచ్చిందా అని ఇన్నేళ్ల తర్వాత ఎవరిని అడగను?

మర్నాడు ఆ హాస్పిస్ నర్సుకి ఇదంతా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలీదు. నాకు ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "ఆ బ్రష్‌ని నీళ్లలోనే ముంచాలని లేదు, వాళ్లకి ఇష్టమైన దాంట్లో ముంచొచ్చు" అంది.

మొన్న శీతాకాలంలో ఒంగోలు నుంచి కొత్తగా వచ్చిన కేరర్ పిల్లకి నేనే నేర్పాల్సి వచ్చింది. "అక్కా, నీళ్లు పోయకుండా ఎట్టాక్కా?" అంది, కళ్లనిండా నీళ్లతో. నాలుగో గది తాతకి టీ అంటే ప్రాణం. బ్రష్ టీలో ముంచి ఇద్దరం వంతులేసుకుని అద్దాం. ఆయన నాలుక కాస్త కదిలింది. తెల్లవారుజామున పోయాడు.

డ్యూటీ దిగి అమ్మకి ఫోన్ చేశాను.

"ఆఖర్లో గొంతు తడిపారామ్మా ఎవరైనా?"

"టీతో తడిపామమ్మా."

కాసేపు ఫోన్లో ఏమీ వినపడలేదు. తర్వాత, "చక్కెర వేశారా?" అని అడిగింది.