చెరకు పిప్పి మంట

నిన్న చిత్తూరు దగ్గర ఒక బెల్లం గానుగ వద్ద చాలాసేపు నిలబడిపోయాను. పొయ్యి ముందు కూర్చున్న పెద్దాయన ఎండిన చెరకు పిప్పిని కొంచెం కొంచెంగా లోపలికి తోస్తున్నారు. "ఒకేసారి కుక్కితే పొగే వస్తుందయ్యా, మంట రాదు" అన్నారు. పైన పెనంలో రసం నురగలు కక్కుతూ పాకానికి వస్తోంది. కట్టెలు కొన్నది లేదు, బొగ్గు తెచ్చింది లేదు. చెరకు రసాన్ని ఆ చెరకు పిప్పే కాచింది!

గానుగ నుంచి వచ్చిన పిప్పిలో దాదాపు సగం నీరే. తడిగా మండిస్తే వేడిలో కొంత భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. అందుకే ముందు ఎండలో పరుస్తారు.

చక్కెర కర్మాగారాల్లో ఇదే పిప్పితో బాయిలర్ మండించి, అధిక పీడనపు ఆవిరితో టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు. టర్బైన్ దాటిన ఆవిరితో రసం కాస్తారు. ఒక్క కరెంటు కోసమే మండిస్తే వేడిలో సుమారు పావు వంతే దక్కుతుంది. రెండు పనులకూ వాడుకోవడం ఎంత తెలివైన పని!

బయోమాస్ (మొక్కల నుంచి వచ్చే ఇంధనం) పేరుతో పచ్చని చెట్లను నరికి మండించడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. చెరకు వదిలిన కార్బన్‌ను మరుసటి పంట పీల్చుకుంటుంది, చెట్టు మళ్లీ ఎదగడానికి దశాబ్దాలు కావాలి. మన దగ్గర వేరుశనగ పొట్టు ఉంది, గుజ్జు తీసే ఫ్యాక్టరీల్లో మిగిలే మామిడి టెంకలున్నాయి. ముందు వాటిని పొయ్యి దాకా చేర్చే ఏర్పాటు చూడాలి.