జుమేరా ఒడ్డున మట్టల పాకలు

కోనసీమలో మా రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్‌కి మనిషిని పంపని ఇల్లు తక్కువ. ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లలో వంటకి, పిల్లల్ని చూసుకోడానికి వెళ్తారు. మగవాళ్లు డ్రైవర్లుగానో, కట్టుబడి పనులకో. తిరిగొచ్చినవాళ్లు ఏ పెళ్లిలో కలిసినా చివరికి ఒకటే మాట: "వాళ్లకి దేవుడిచ్చాడండీ, నేలలో నూనె పెట్టాడు." దుబాయ్‌లో జుమేరా అనే పేటలో ఒకే ఇంటికి ఏళ్ల తరబడి కారు నడిపాను. ఆ మాట నేను ఒప్పుకోను.

జుమేరా అంటే దుబాయ్‌లో కలిగినవాళ్లుండే సముద్రపు పేట. ఒడ్డు వెంబడే రోడ్డు, రోడ్డు వార విల్లాలు, గోడల మీంచి వేలాడే కాగితం పూలు, వీధుల్లో మన వేపచెట్లే. 1979లో పూర్తయిన జుమేరా మసీదులోకి ముస్లింలు కానివాళ్లని కూడా రానిస్తారు. దక్షిణంగా పోతే తెరచాప ఆకారంలో బుర్జ్ అల్ అరబ్ హోటల్ కనిపిస్తుంది, దాన్ని 1999లో తెరిచారు. విల్లాల్లో డ్రైవరు గది గేటు పక్కన, వంటామె గది పెరటివైపు. పక్కింట్లో వంట చేసే అక్కది మా వైపు సఖినేటిపల్లి దగ్గరే అని తెలిసిన రోజు ఇద్దరం గేటు దగ్గరే నిలబడి ఊళ్ల పేర్లన్నీ చెప్పుకున్నాం. అలల చప్పుడు ఆవిడ వంటింట్లోకి వినపడేది. ఒడ్డుకి వెళ్లే తీరిక మాత్రం ఇంటివాళ్లు పిల్లల్ని తీసుకెళ్లినప్పుడే.

మా ఇంటి పెద్దాయన్ని అందరం బాబా అనేవాళ్లం. ఆయనకి హిందీ బాగా వచ్చు. సాయంత్రాలు చేపల రేవుకి తీసుకెళ్లమనేవారు. ఆ పడవల మీద వలలు లాగేది మన దేశం కుర్రాళ్లూ బంగ్లాదేశ్ కుర్రాళ్లూ. అక్కడ కూర్చుని ఆయన చెప్పిన సంగతులు నాకు బుర్రలో నాటుకుపోయాయి. ఆయన పుట్టింది ఇదే జుమేరాలో, ఖర్జూరపు మట్టలతో కట్టిన పాకలో. ఆ పాకల్ని బరస్తీలు అంటారు. చుట్టూ చేపలు పట్టేవాళ్లు, ముత్యాల కోసం సముద్రంలోకి దూకేవాళ్లు. తాగేనీళ్లు గాడిదల మీద వచ్చేవట. సముద్రం పక్కన ఉండటం ఆ రోజుల్లో దర్జా కాదు, వేరే దారిలేక ఉండటం. మన కరవాక, అంతర్వేది వైపు పల్లెపాలేలు ఇప్పటికీ ఎలా ఉన్నాయో అలాగే.

ముత్యాల పని గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. ఎండాకాలం నాలుగు నెలలు పడవ మీదే బతుకు. ముక్కుకి క్లిప్పు, కాలికి రాయి, నడుముకి తాడు. ఊపిరి బిగబట్టి దిగాలి, తాడు గుంజితే పైనున్నవాడు లాగాలి. పడవ యజమాని దగ్గర ముందే అప్పు తీసుకుని ఇంట్లో తిండిగింజలు పడేసి వెళ్లేవాళ్లు. ఆ అప్పు తీరేది కాదు, తండ్రి పోతే కొడుకు మీదకి వచ్చేది. ఏజెంటుకి కట్టడానికి నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చుకుని విమానం ఎక్కిన మావాళ్లు ఎంతమందో. ఆయన చెబుతుంటే నాకు వాళ్లే కళ్లముందు కదిలారు. మన పెళ్లిళ్లలో గొప్పగా చెప్పుకునే బసరా ముత్యాలు ఈ సముద్రంలోవే. 1930లలో జపాన్ పెంపుడు ముత్యాలు బజారుని ముంచెత్తాక ఆ బతుకు కూడా పోయింది, ఆకలి మిగిలింది. అప్పట్లో అక్కడ చెల్లింది మన రూపాయే. గల్ఫ్ కోసం రిజర్వు బ్యాంకు 1959లో విడిగా నోట్లు కూడా అచ్చువేసింది. 1966 దాకా దుబాయ్‌లో రూపాయితోనే బేరం.

ఇక మావాళ్లు చెప్పే నూనె సంగతి. అది దొరికింది 1966లో, ఎగుమతి మొదలైంది 1969లో. కానీ అంతకు ముందే, 1950ల చివర్లో, చేతిలో డబ్బు లేని రోజుల్లో, కువైట్ దగ్గర అప్పు తెచ్చి దుబాయ్ క్రీక్, అంటే ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, పూడిక తీయించారు. ఇసుక మేటలేసి పెద్ద పడవలు లోపలికి రాలేకపోతుంటే, వ్యాపారం పక్కనున్న షార్జాకి పోకముందే జాగ్రత్తపడ్డారు. సరుకు వచ్చింది, ఊరు నిలబడింది. ఆ తర్వాతే నూనె డబ్బు, 1972లో రషీద్ ఓడరేవు, జుమేరాలో పాకల చోట సిమెంటు ఇళ్లు, తెల్లవాళ్లకి అద్దె విల్లాలు. బాబా ఒక్క జీవితకాలంలో జరిగిందంతా ఇది.

2001లో సముద్రంలో కట్టడం మొదలుపెట్టిన పామ్ జుమేరా దీవి సంగతీ అంతే. దాదాపు 9.4 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక. ఎడారి ఇసుక గాలికి అరిగి గుండ్రంగా ఉంటుంది, నీళ్లలో గట్టిపడి నిలవదు. అందుకని సముద్రం అడుగునుంచి తోడి పోశారు. చుట్టూ 11 కిలోమీటర్ల రాతికట్ట. అక్కడి మేడల్లో టైల్స్ వేసిన మావాళ్లు అల్‌ఖూజ్ కూలీల క్యాంపుల్లో పది మంది ఒక గదిలో పడుకునేవాళ్లు. దాన్ని మరిచి ఆ పేటని పొగడటం నావల్ల కాదు. కానీ ఒడ్డు కోసుకుపోయినచోట ఇసుక తెచ్చి మళ్లీ పోయడం నా కళ్లతో చూశాను.

మనకి తెలియని విద్యా ఇది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యేదాకా ఈ డెల్టా కరువులూ వరదలూ ఎరిగిన నేల. నేల కింద గ్యాసూ ఉంది. 1995లో పాశర్లపూడిలో బావి అంటుకుని 65 రోజులు మండితే ఆ వెలుగు చుట్టుపక్కల ఊళ్లన్నీ చూశాయి. 1996 నవంబరు తుపానుకి కొబ్బరి తోటలు మొదలంటా పోతే మళ్లీ నాటుకున్నాం. ఇప్పుడు శంకరగుప్తం డ్రెయిన్‌లోంచి పోటుకి ఉప్పునీళ్లు ఎగదన్ని, కేశనపల్లి వైపు చెట్లు మొవ్వు ఎండి మోడులవుతున్నాయి. గల్ఫ్ డబ్బుతో కట్టిన మేడల పక్కనే ఆ మోడులు నిలబడి ఉంటే నాకు కడుపు రగులుతోంది. మాకు నూనె అక్కర్లేదు. పూడిక తీసి, గట్లు ఎత్తుచేసి, పోటునీళ్లు ఆపే తలుపులు పెడితే చాలు. వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేసే నాటికి పని మొదలవ్వాలని అర్జీ రాశాం. కువైట్‌లో ఉన్న ఆడపడుచులు కూడా ఫోన్లో పేర్లు చెప్పి రాయించారు. సఖినేటిపల్లి అక్క పేరు మొదటి పేజీలోనే ఉంది.