జి, ఎల్ వారి కుటుంబం

బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలందరి దగ్గరా ఒక వొకాబులరీ పుస్తకం కనిపిస్తోంది. పేరెందుకులెండి. అందులో గ్లిట్టర్ అంటే మెరియుట. గ్లీమ్ అంటే మెరియుట. గ్లిమ్మర్ అంటే మెరియుట. గ్లిసెన్ అన్నా మెరియుటే. అన్నిటికీ ఒకటే అర్థమైతే ఇంగ్లిషువాడు అన్ని మాటలు ఎందుకు పెట్టుకున్నట్టు? ఇలాంటివి రోజుకి యాభై బట్టీ పట్టమంటారు. రాత్రి పట్టిన బట్టీ తెల్లారేసరికి హుష్‌కాకి.

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలోనే సాయంత్రం ట్యూషన్ చెబుతాను. టెన్త్ పిల్లలు, డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు, అందరూ ఒకే చాప మీద. ఏ నుంచి జెడ్ దాకా వెళ్లే పద్ధతి నాకు పడదు. మొదటి రెండక్షరాలూ ఒకటే అయి, అర్థంలోనూ చుట్టరికం ఉన్న మాటల్ని ఒకచోటికి చేరుస్తాను. మన ఇంటిపేరు ముందొచ్చినట్టే వీటికీ ముందే వస్తుంది. జి, ఎల్ అంటే వెలుగు వంశం. ఎస్, ఎన్ ముక్కు వంశం. డబ్ల్యూ, ఆర్ మెలికల వంశం.

జి, ఎల్ సంగతే చూడండి. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందె మీద నిలకడగా ఉండే మెరుపు గ్లీమ్. చీర మీద చమ్కీలు చుక్కలు చుక్కలుగా మెరిస్తే గ్లిట్టర్. వాన వెలిశాక ఆకుల మీద, చెమట పట్టిన నుదుటి మీద కనిపించేది గ్లిసెన్, దానికి తడి ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఎక్కడో దూరంగా ఉందా లేదా అన్నట్టు ఊగే దీపం గ్లిమ్మర్. ఏదో మూల కాస్త ఆశ మిగిలిందని చెప్పడానికీ ఇదే వాడతారు, పరీక్షలవాళ్లకి మహా ఇష్టం. కత్తి అంచు మీద ఒక్క క్షణం తళుక్కుమంటే గ్లింట్. ఇస్త్రీ బండి దగ్గర పెట్టెలో బొగ్గులు మంట లేకుండా ఎర్రగా ఉంటాయే, అది గ్లో. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో బెజవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద పోతుంటే ముందు కారు అద్దం కళ్లలో పొడుస్తుంది చూశారా, అది గ్లేర్. మనిషి గుడ్లురిమి చూసినా గ్లేరే. ఫొటో స్టూడియోలో గ్లాసీయా, మ్యాటా అని అడిగే ఆ గ్లాసీ కూడా ఈ ఇంటిదే.

ఇవి చెబుతుంటే ఒక టెన్త్ అమ్మాయి చెయ్యెత్తింది. "టీచర్, మనకి మి, మె ఉన్నాయి కదండీ. మెరుపు, మెరుగు, మిణుగురు, మిలమిల, మిరుమిట్లు." ఆ రోజు ఇంగ్లిషు పక్కనపెట్టి ఇంకా ఏమున్నాయా అని అందరం వాటి వెంట పడ్డాం. మిసమిస కూడా దొరికింది.

ఈ గమనింపు కొత్తదేం కాదు. 1653లో జాన్ వాలిస్ అనే ఆయన పరాయి దేశాలవాళ్లు ఇంగ్లిష్ నేర్చుకోవడానికని లాటిన్‌లో వ్యాకరణం రాశాడు. ఏ అక్షరాల జంట ఏ భావాన్ని మోస్తుందో అందులో వరసపెట్టి చెప్పాడు. లెక్కల పుస్తకాల్లో అనంతానికి వేసే పడుకున్న ఎనిమిది గుర్తు ఉంది చూడండి, అది తెచ్చింది కూడా ఈయనే. తర్వాత 1930లో జె. ఆర్. ఫర్త్ అనే భాషా పండితుడు ఇలాంటి జంటలకి ఫొనెస్థీమ్ అని పేరు పెట్టాడు. ఆయన అంతకుముందు లాహోర్‌లో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా పనిచేసి వెళ్లినవాడు. పిల్లలకి ఈ పేరు చెప్పను. చెబితే దాన్నీ బట్టీ పడతారు.

ముక్కు వంశం చెప్పడానికి మా ఊళ్లో మంచి సీజన్ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్. యార్డుకి మిర్చి పోటెత్తే రోజులు. యార్డు వైపు నుంచి వచ్చే కుర్రాడి చొక్కాకే ఘాటు అంటుకుని ఉంటుంది, వాడు కూర్చోగానే పక్కవాడు హాచ్ అంటాడు. అదే స్నీజ్. గురక స్నోర్, చీమిడి స్నాట్, పంది మూతి స్నౌట్, ముక్కుపొడుం స్నఫ్, ఎగబీల్చి వాసన చూస్తే స్నిఫ్, ముక్కు ఎగరేసి వెక్కిరిస్తే స్నీర్. వీటిలో స్నీజ్ మాత్రం దత్తత వచ్చిన పిల్ల. పాత ఇంగ్లిష్‌లో అది ఎఫ్, ఎన్‌తో మొదలయ్యేది. ఆ ఇంటిపేరువాళ్లు ఒక్కొక్కళ్లే కనుమరుగైపోతుంటే ఇది ముక్కు వంశంలో చేరిపోయింది.

డబ్ల్యూ, ఆర్‌కి తడి తువ్వాలు చాలు. ఒక కొస ఒకడి చేతికి, రెండో కొస ఇంకొకడి చేతికి ఇచ్చి పిండమంటాను. పిండడం రింగ్, తిరిగిన మణికట్టు రిస్ట్, తువ్వాల మీద పడ్డ ముడత రింకిల్. మెలికలు తిరిగిపోతే రిగిల్. కుస్తీ రెజిల్. రాంగ్ అన్న మాటకి కూడా మూలార్థం వంకర అనే. ఆటోనగర్ మెకానిక్కులు రోజూ రెంచి, రెంచి అంటుంటారు, దాని ముందు ఒక డబ్ల్యూ నోరు మూసుకుని కూర్చుందని ఎవరికి తెలుసు? కొన్ని వందల ఏళ్ల కిందట దాన్ని పలికేవారు. తర్వాత నోట్లోంచి జారిపోయింది, రాతలో మిగిలింది. మా తాతయ్య ఉత్తరాల్లో "వ్రాయునది" అని ఉండేది, నేను "రాసేది" అంటాను. మనం రాతలోంచి కూడా తీసేశాం, వాళ్లు ఇంకా ఉంచుకున్నారు, అంతే. రైట్, అంటే రాయడం, మాత్రం మెలికల వంశం కాదు. దాని మూలం గీరడం, చెక్కడం.

ఇక్కడే పిల్లలు పట్టుకుంటారు. "మరి గ్లవ్‌లో వెలుగేదండీ? గ్లూ అంటే జిగురు కదా? స్నోకి ముక్కుందా?" గుంటూరు జిల్లాలో ఒకే ఇంటిపేరున్నవాళ్లంతా మీకు చుట్టాలేనా అని అడుగుతాను. కాదంటారు. ఇదీ అంతే. ముందు అర్థం చూసుకోవాలి, అక్షరాలు చూసి వరస కలిపేయకూడదు. పరీక్షలో తెలియని మాట తగిలితే నాలుగు ఆప్షన్లలో ఒకదాని వైపు మొగ్గడానికి ఇది పనికొస్తుంది గానీ, కళ్లు మూసుకుని టిక్కు పెట్టడానికి కాదు. నెగెటివ్ మార్కులుంటాయి.

మొన్న ఒకడు స్నేక్ సంగతేంటన్నాడు. ఆ మాట పాకడం నుంచి వచ్చింది, ముక్కుతో దానికి పనిలేదు. పాము జరజరా పోయే తీరుని మాత్రం స్లిథర్ అంటారు, అది ఎస్, ఎల్ ఇల్లు. స్లిప్, స్లైడ్, స్లైమ్, స్లిక్, అన్నీ జారుడు సరుకే. వచ్చే వారం అదే చెబుతున్నా. స్లీప్, స్లో అందులోకి రావని ముందే చెప్పేశాను.