ఫోన్ పెట్టేసినా ఆగని రికార్డింగ్

పర్లాకిమిడిలోని ఒక కార్యాలయపు పాత ఈపీఏబీఎక్స్‌ను (ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే పెట్టెను) బరంపురంలో ఉన్న ఐపీ టెలిఫోన్ సర్వర్‌కు (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద ఫోన్లు నడిపే సర్వర్‌కు) కలిపే పని కిందటి వేసవిలో నాకు అప్పగించారు. పాత పెట్టెను తీసేయమన్నవారూ ఉన్నారు కానీ, నేను ఒప్పుకోలేదు. గోడల్లోని రాగి తీగలు గట్టిగా ఉన్నాయి. 24 ఎక్స్‌టెన్షన్లూ (లోపలి ఫోన్లూ) మోగుతున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు కూడా బ్యాటరీ మీద లోపలి ఫోన్లు పలికాయని గుమస్తా గారు చెప్పారు. మాట నడిచే తీగ జతమీదే పాత ఫోన్‌కు కరెంటు కూడా అందుతుంది కనుక అది సాధ్యమైంది.

ఎవరూ ఎత్తని కాల్‌కు మెసేజ్ రికార్డు చేసే వాయిస్‌మెయిల్ కార్డు పాడైపోవడంతో దానిని మాత్రం తీసేసి, ఆ బాధ్యతను సర్వర్‌కు ఇచ్చాము. ఈపీఏబీఎక్స్ ఎక్స్‌టెన్షన్ పోర్టులు నాలుగింటిని, తీగ ఫోన్లను ఐపీ నెట్‌వర్క్‌కు కలిపే గేట్‌వే అనే పరికరంలోని ఎఫ్ఎక్స్ఓ పోర్టులకు (ఫోన్ లాగా కాల్ అందుకునే పోర్టులకు) తగిలించాను. మాట స్పష్టంగా వచ్చింది. మూడో రోజున గుమస్తా గారు ఫోన్ చేసి, "బాబూ, ఎవరూ మాట్లాడకుండానే మెసేజ్‌ల పెట్టె నిండిపోతోంది" అన్నారు. విని చూస్తే ప్రతి మెసేజ్ చివరా నిమిషాల తరబడి ఎంగేజ్ టోనే ఉంది.

ఐపీ ఫోన్లు కాల్స్ నడిపే పద్ధతి అయిన సిప్‌లో అవతలివారు ఫోన్ పెట్టేస్తే 'బై' అనే సందేశం వస్తుంది. ఈ పాత పెట్టె ఎక్స్‌టెన్షన్ తీగ మీద అలాంటి సందేశమేదీ పంపదు. ఎంగేజ్ టోన్ ఒక్కటే ఆనవాలు. గేట్‌వేలో మన దేశపు ప్రమాణం ప్రకారం 400 హెర్ట్జ్ స్వరం 0.75 సెకన్లు మోగి, 0.75 సెకన్లు ఆగాలని అమర్చి ఉంది. ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి కొలిస్తే, ఈ పెట్టె అర సెకను మోగి అర సెకను ఆగుతోంది. ఆ అంకెలు మార్చగానే రికార్డింగ్ వేళకు ఆగింది.

రెండో చిక్కు, మెసేజ్ ఎవరి పెట్టెలో పడాలన్నది. గేట్‌వే కాల్ అందుకోగానే ఈపీఏబీఎక్స్ ఆ ఎక్స్‌టెన్షన్ నంబరును డీటీఎంఎఫ్ స్వరాలుగా (ఫోన్ బటన్ నొక్కితే వినిపించే స్వరాలుగా) ఒత్తి చెబుతుంది. బరంపురం లింకు సన్నగా ఉందని మాటను సెకనుకు 8 కిలోబిట్లకు కుదించే జి.729 కోడెక్ పెట్టాను. అది మనిషి మాట కోసం రూపొందినది కాబట్టి ఈ స్వరాలను చెడగొట్టి, అంకెలను మింగేసింది. సన్నని లింకు మీద సెకనుకు 64 కిలోబిట్లు తీసుకునే జి.711 కోడెక్ వాడే వీలు లేక, అంకెలను విడి ప్యాకెట్లుగా పంపే ఆర్ఎఫ్‌సీ 2833 పద్ధతికి మార్చాను.

మెసేజ్ వచ్చిందని తెలిపే దీపం ఆ ఫోన్లకు లేదు. అందుకని మెసేజ్ పడగానే గేట్‌వే ఈపీఏబీఎక్స్‌కు ఒక కోడ్ డయల్ చేసేలా పెట్టాను. రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ తెగి తెగి వినిపిస్తుంది. గుమస్తా గారు దానిని ఒక్క రోజులో గుర్తుపట్టారు. గేట్‌వేకు, నెట్‌వర్క్ స్విచ్‌కు యూపీఎస్ మాత్రం ఇంకా రాలేదు. అక్టోబరుకు ముందే తెప్పించమని గట్టిగా అడుగుతున్నాను.