ఒంటి వేడి 69 డిగ్రీలట!

ఫస్టియర్ బీటెక్ వాళ్లకు సి లాంగ్వేజ్ చెప్తానంటే, పాయింటర్లు కష్టం కదా అంటారు అందరూ. పాయింటర్లతో నాకు పెద్ద పేచీ లేదు. కంప్యూటర్ ఏ జవాబిస్తే దాన్ని పిల్లలు అలాగే నమ్మేస్తారు, అదీ నా బాధ. ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌లో చకచకా లెక్కలు చేసి వచ్చినవాళ్లే వీళ్లంతా. ల్యాబ్‌లో కూర్చోగానే ఆ లెక్కలు ఏమైపోతాయో తెలీదు.

మొదట్లోనే సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లోకి మార్చే ప్రోగ్రాం ఒకటుంటుంది. ఫార్ములా అందరికీ నోటికొచ్చు. 9/5 ఇంటూ సి ప్లస్ 32 అని కొట్టి, 37 ఇస్తారు. స్క్రీన్ మీద 69 వస్తుంది. ఎర్రర్ ఏమీ లేదు కాబట్టి "మేడమ్, అవుట్‌పుట్ వచ్చేసింది" అంటూ సంతకానికి అబ్జర్వేషన్ బుక్ చాపుతారు.

"37 అంటే మన ఒంటి వేడే కదా. థర్మామీటర్‌లో ఎప్పుడైనా 69 చూశావా బాబూ?"

అప్పుడు గానీ తలెత్తి స్క్రీన్ వైపు చూడడు. సి లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే జవాబు కూడా పూర్ణాంకమే. 1.8 రావాల్సిన చోట 1 మిగులుతుంది, పాయింట్ తర్వాతది గాలికి పోతుంది. 9కి బదులు 9.0 అని రాస్తే చాలు, 98.6 వస్తుంది.

ఇంకా చిత్రం రికార్డు బుక్కు. స్క్రీన్ మీద 69 ఉన్నా, రికార్డులో మాత్రం 98.6 అని నీటుగా రాసి ఉంటుంది. సీనియర్ రికార్డులోంచి దింపింది మరి! పైన ప్రోగ్రాంలో 9/5 అలాగే ఉంటుంది. ఎక్స్‌టర్నల్‌కి వచ్చేవాళ్లు ఇండెక్స్, సంతకాలు చూసుకుని వెళ్లిపోతారు, దాన్ని చదివేదెవరు?

ఫ్యాక్టోరియల్, అంటే ఒకటి నుంచి ఆ అంకె దాకా అన్నిటినీ గుణించడం, దాని దగ్గరికొస్తే వ్యవహారం ఇంకా ముదురుతుంది. మేం చదువుకున్నప్పుడు సి ప్రోగ్రాంలు నడిపే టర్బో సి సాఫ్ట్‌వేర్ నీలం స్క్రీన్ మీద 8 ఫ్యాక్టోరియల్‌కే -25216 వచ్చేది. అందులో ఇంట్ అంటే, పూర్ణాంకం దాచుకునే చోటు, రెండే బైట్లు, 32767 దాటితే పట్టదు. ఆ మైనస్ చూస్తే ఎంత మొద్దబ్బాయికైనా అనుమానం వచ్చేది. ఇప్పుడు దాని బదులు వాడే జీసీసీలో ఇంట్‌కి నాలుగు బైట్లు. 12 దాకా బాగానే వస్తుంది, 13కి మాత్రం 1932053504 అంటుంది. మైనస్ లేదు, పది అంకెలూ ఉన్నాయి. పెళ్లిలో పిలవకుండానే వచ్చి బంతిలో కూర్చున్న పెద్దమనిషిలా ఉంటుంది, ఎవరూ లేవమనరు. అసలు జవాబు 6227020800, దానికీ పది అంకెలే.

ఈ ఏడాది బ్యాచ్‌లో ఒకమ్మాయి మాత్రం లేవమంది. తెలుగు మీడియంలో చదివి వచ్చింది, క్లాసులో నోరు విప్పదు. ఆ నంబర్ చూసి, "చివర రెండు సున్నాలుండాలి కదా మేడమ్?" అంది. 13 లోపు 5 ఉంది, 10 ఉంది. రెండు ఐదులు, వాటికి సరిపడా రెండ్లు, అంటే చివర రెండు సున్నాలు ఖాయం. 100 ఫ్యాక్టోరియల్ చివర ఎన్ని సున్నాలు అంటే 24 అని టక్కున చెప్పే బిట్ ఇంటర్‌లో అందరూ చేసిందే. దాన్ని ల్యాబ్ దాకా తెచ్చుకుంది ఆ అమ్మాయే.

"మరేం చేద్దాం అమ్మా?"

ఇంట్ తీసేసి, ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ లాంగ్ పెడదామంది. పెడితే 13 సరిగ్గా వచ్చింది, 20 దాకా కూడా వచ్చింది. సంతకం పెడదామని చేయి చాపితే బుక్ ఇవ్వలేదు, అప్పటికే 21 కొడుతోంది.